మొదటి కాన్పులో రక్తం ఆగలేదా? రెండోది ఇంట్లో అనుకునే ముందు ఇలా సిద్ధం కండి

నా మొదటి కాన్పు సుఖంగా అయిందనే అనుకున్నాం. పాప ఏడ్చింది, బయట అమ్మ దండం పెట్టుకుంది. పావుగంట గడవకముందే నా కింద పరిచిన గుడ్డలన్నీ తడిసిపోయాయి. ఎవరో పొత్తికడుపు మీద గట్టిగా నొక్కుతున్నారు, ఎవరో పరుగెడుతున్నారు, నాకేమో వణుకు పుట్టేంత చలి. ఏం జరుగుతోందో ఒక్కరూ చెప్పలేదు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించాక, మర్నాడు పాపను సరిగ్గా చూశాను.

అందుకే రెండోసారి నెల తప్పగానే మా ఆయనతో అన్న మొదటి మాట, "ఈసారి ఇంట్లోనే" అని. ఆ గదికి, ఆ కేకలకు మళ్లీ వెళ్లాలంటే ఒళ్లు జలదరించేది. మా అమ్మమ్మకు ఏడు కాన్పులూ మంత్రసాని చేతుల మీదే అయ్యాయి కదా అనుకునేదాన్ని. వాటిలో ఒక కాన్పు తర్వాత ఆమె మూడు నెలలు మంచం దిగలేదని అమ్మ నాకు చాలా ఆలస్యంగా చెప్పింది.

మీరూ ఇప్పుడు అదే ఆలోచనలో ఉంటే, నేను చేరిన చోటు ముందే చెప్పేస్తాను. ఒకసారి కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోయినవాళ్లు రెండో కాన్పును ఇంట్లో పెట్టుకోకూడదు. కానీ ఇంట్లో కావాలని మీరు కోరుకోవడానికి ఏ కారణాలున్నాయో, వాటిలో చాలావరకు ఆసుపత్రిలోనే అడిగి సాధించుకోవచ్చు. మనిషిని, మర్యాదను, చీకటి గదిని ఆసుపత్రికి తెచ్చుకోగలం. రక్తాన్ని ఇంటికి తెచ్చుకోలేం. ఈ పనిని నెలల వారీగా ఎలా చేసుకోవాలో కింద చెబుతున్నాను.

ముందుగా పాత కాగితాలు బయటికి తీయండి

"రక్తం బాగా పోయింది" అన్న ఒక్క మాట డాక్టరుకు సరిపోదు. ఎందుకు పోయింది, ఎంత పోయింది, ఏం చేస్తే ఆగింది అన్నవి తెలియాలి. డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి. దొరక్కపోతే ఆ ఆసుపత్రికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. మన దేశంలో వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం డాక్టర్లు రికార్డులను మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటినా ఒకసారి అడిగి చూడండి, చాలాచోట్ల ఉంటాయి.

కాగితం చేతికి వచ్చాక ఈ మాటల కోసం చూడండి. పీపీహెచ్ అంటే కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోవడం. "అటోనిక్ పీపీహెచ్" అని ఉంటే గర్భసంచి బిగుసుకోలేదని అర్థం. పదిమందిలో ఏడుగురి విషయంలో కారణం ఇదే. "రిటెయిన్డ్ ప్లాసెంటా" అని గానీ "ఎంఆర్‌పీ" అని గానీ ఉంటే మాయ దానంతట అది పడలేదని, చేత్తో తీయాల్సి వచ్చిందని. "సర్వైకల్ టేర్" లాంటిది ఉంటే బిడ్డ వచ్చే దారిలో చిరుగు పడిందని. "పీఆర్‌బీసీ" పక్కనున్న అంకె ఎన్ని యూనిట్ల రక్తం ఎక్కించారో చెబుతుంది. నాలుగో కారణం రక్తం గడ్డకట్టకపోవడం. ఇది అరుదు, కానీ తరచుగా ఎవరూ అడగరు. మీకు చిన్నప్పటి నుంచి నెలసరిలో ఎక్కువగా పోయేదా? పన్ను తీయించుకున్నప్పుడు రక్తం గంటలకొద్దీ ఆగలేదా? అమ్మకో, అక్కచెల్లెళ్లకో కాన్పులో ఇలాగే అయిందా? అయితే ఆ సంగతి మీరే ముందుగా చెప్పండి. రక్తం గడ్డకట్టే పరీక్షలు చేయిస్తారు.

కారణాన్ని బట్టి ఈసారి జాగ్రత్త మారుతుంది. చిరుగు వల్ల పోయిన రక్తం వేరు, గర్భసంచి బిగుసుకోక పోయిన రక్తం వేరు, మాయ అతుక్కుపోయిన కేసు ఇంకా వేరు. మొదటి నెలల్లోనే ఈ కాగితం డాక్టరు ముందు పెట్టండి, తొమ్మిదో నెల దాకా ఆగవద్దు.

ఇల్లు ఎందుకు కాదో మీ ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి

ఒకసారి ఇలా జరిగినవాళ్లకు మళ్లీ జరిగే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఎక్కువ. అంటే ఎక్కువమందికి మళ్లీ జరగదు. నాకు అది ధైర్యాన్ని ఇచ్చిన మాట. కానీ ఎవరికి జరుగుతుందో నొప్పులు మొదలయ్యేదాకా, బిడ్డ పుట్టేదాకా కూడా ఎవరూ చెప్పలేరు. చిక్కంతా అక్కడే ఉంది.

నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. బిడ్డ, మాయ బయటికి వచ్చాక గర్భసంచి కండరాలు గట్టిగా బిగుసుకుని, వాటి మధ్య ఉన్న రక్తనాళాలను ముడి వేసినట్టు మూసేస్తాయి. ఆ ముడి పడకపోతే కుళాయి విప్పినట్టే. ఉద్ధృతంగా పోతున్న రక్తానికి చికిత్స అందకపోతే రెండు గంటల్లోపే ప్రాణం మీదికి రావచ్చు. బ్లడ్ బ్యాంకులో గ్రూపు చూసి, సరిపోయే రక్తాన్ని పరీక్షించి ఇవ్వడానికే ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. ఇంటి నుంచి బయల్దేరే సమయం, అంబులెన్సు వచ్చే సమయం, దారి, ఆసుపత్రిలో చీటీ రాసే సమయం దీనికి కలిపి చూడండి. మా ఆయన కాగితం మీద ఈ నిమిషాలన్నీ కూడి నాకు చూపించాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ చర్చ మళ్లీ రాలేదు.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఈ విషయం ఎక్కువగా అడుగుతుంటారు, ఎందుకంటే అక్కడ ఇంటి కాన్పు ప్రభుత్వ వైద్యంలో భాగమే, కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు మందులతో సహా ఇంటికే వస్తారు. అలాంటి చోట కూడా, అక్కడి వైద్యానికి ప్రమాణాలు రాసే నైస్ సంస్థ మార్గదర్శకాలు, గతంలో అదనపు చికిత్స గానీ రక్తం ఎక్కించడం గానీ అవసరమైనంత రక్తస్రావం జరిగినవాళ్లు డాక్టర్లుండే ప్రసూతి విభాగంలోనే కాన్పు పెట్టుకోవాలని సూచిస్తాయి. మన దగ్గర ఇంటికి వచ్చే అలాంటి వ్యవస్థ లేదు. 2018లో తమిళనాడులోని తిరుప్పూర్‌లో యూట్యూబ్ వీడియోలు చూసి ఇంట్లోనే కాన్పు చేయబోతే, బిడ్డ దక్కింది, తల్లి రక్తస్రావంతో చనిపోయింది. ఆ వార్త చదివి నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఆమెకూ నాలాంటి కోరికే ఉండి ఉంటుంది.

మూడో నెల నుంచే ఒంట్లో రక్తం పెంచుకోండి

మీ చేతిలో ఉన్న పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. హిమోగ్లోబిన్ 12 ఉన్న మనిషి లీటరు రక్తం పోయినా తట్టుకుని నిలబడే అవకాశం ఎక్కువ. అదే 7 ఉన్న మనిషికి అందులో సగం పోయినా ప్రమాదమే. గర్భిణికి 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. మన రెండు రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగం మందికి పైగా ఈ లెక్కలోనే ఉన్నారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాబట్టి "నాకు ఉండదులే" అనుకోకండి.

ఆశా అక్క ఇచ్చే ఐరన్ మాత్ర రోజుకు ఒకటి చొప్పున, కనీసం 180 రోజులు వేసుకోవాలి. చాలామంది మాత్ర వేసుకుంటారు కానీ అది ఒంటికి పట్టదు, ఎందుకంటే వెంటనే టీ తాగుతారు. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర ఇవన్నీ ఐరన్‌ను అడ్డుకుంటాయి. కనీసం రెండు గంటల తేడా పెట్టుకోండి. నిమ్మరసంతోనో, జామకాయ తిన్నాకనో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది మామూలే. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. మలబద్ధకం పెడితే మానేయకుండా డాక్టరుకు చెప్పి వేరే రకం మార్పించుకోండి.

తోటకూర, గోంగూర, రాగి సంకటి, నువ్వుల ఉండలు, గుడ్లు, మాంసం అన్నీ మంచివే. కానీ ఇప్పటికే తగ్గిన రక్తాన్ని తిండి ఒక్కటే పెంచలేదు. "బీట్‌రూట్ జ్యూస్ తాగు, చాలు" అనేవాళ్ల మాట పట్టుకుని నెలలు పోగొట్టుకోవద్దు. నెలకోసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. మాత్రలతో పెరగకపోతే నాలుగో నెల నుంచి సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్లు ఉన్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇస్తారు. తొమ్మిదో నెలలోకి అడుగుపెట్టేసరికి 11 దాటి ఉండాలన్నది మీ లక్ష్యం. నాకు ఆరో నెలలో 8.9 ఉండేది. ఇంజెక్షన్లు ఎక్కించుకున్నాక కాన్పు నాటికి 11.6కి వచ్చింది. ఆ కాగితం చూసుకున్నప్పుడు కలిగిన ధైర్యం ఏ మాటలతోనూ కలగలేదు.

కార్డు మీద ఎర్ర గుర్తు వేయించుకోండి

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. మీ పాత సంగతి అక్కడ చెబితే తల్లీబిడ్డ కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తారు. అది 'హైరిస్క్' గుర్తు. దాన్ని చూసి కంగారు పడేవాళ్లుంటారు, దాచేవాళ్లూ ఉంటారు. దయచేసి దాచకండి. అర్ధరాత్రి మిమ్మల్ని ఎప్పుడూ చూడని డ్యూటీ డాక్టరు ముందు మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు, మీ తరఫున మాట్లాడేది ఆ గుర్తే.

స్కాన్‌లో మాయ ఎక్కడుందో తప్పకుండా అడగండి. కిందికి ఉంటే 32 వారాల దగ్గర మళ్లీ చూపించుకోవాలి. ముందు సిజేరియన్ అయినవాళ్లకు మాయ పాత కుట్టు మీద పడిందేమో, లోపలికి అతుక్కుందేమో చూడటం మరీ ముఖ్యం. అలా ఉంటే జిల్లా ఆసుపత్రి కూడా చాలకపోవచ్చు, మెడికల్ కాలేజీ ఆసుపత్రికే వెళ్లాలి. గ్రూపు నెగెటివ్ అయినా, ఇంతకుముందు రక్తం ఎక్కించుకుని ఉన్నా యాంటీబాడీ పరీక్ష గురించి అడగండి. సరిపోయే రక్తం దొరకడం కష్టమయ్యేలా ఉంటే ముందే తెలుస్తుంది.

ఆసుపత్రిని ఏడో నెలలో ఎంచుకోండి, ఈ ప్రశ్నలు అడిగి

పెద్ద భవనం చూసో, తెలిసినవాళ్ల మాట మీదో ఎంచుకోవద్దు. నేరుగా వెళ్లి అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం నాకూ ఉండేది. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

- రాత్రి రెండు గంటలకు గైనకాలజిస్టు, మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? వస్తే ఎంతసేపట్లో?
- రక్తం ఇక్కడే నిల్వ ఉందా, లేక ఎవరైనా పరుగెత్తి తేవాలా?
- గర్భసంచి బిగుసుకోవడానికి ఏ మందులు ఉంచుతారు? రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ లేబర్ రూమ్‌లోనే ఉంటుందా?
- మందులకూ రక్తం ఆగకపోతే తర్వాత ఏం చేస్తారు? రక్తం ఆగేలా గర్భసంచిలో బెలూన్ పెట్టడం, ఆపరేషన్, ఐసీయూ ఇక్కడే ఉన్నాయా, వేరే చోటికి పంపుతారా?
- పోయిన రక్తాన్ని కొలుస్తారా?

చివరి ప్రశ్న కొంచెం వివరంగా చెప్పాలి. కంటితో చూసి అంచనా వేస్తే పోయిన రక్తం చాలాసార్లు తక్కువగానే కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు గీతలున్న ప్లాస్టిక్ సంచిని కింద పరిచి కొలుస్తారు. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 80 ఆసుపత్రుల్లో ఇలా కొలిచి, మర్దన, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో ప్రచురించిన ఈ-మోటివ్ పరిశోధన చూపించింది. అర లీటరు దాటాకే చికిత్స అన్న పాత పద్ధతి కూడా మారుతోంది. 300 మి.లీ. పోయి నాడి, బీపీ తేడాగా ఉంటే వెంటనే మొదలుపెట్టాలని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ట్రానెక్సామిక్ యాసిడ్‌ను కాన్పయిన మూడు గంటల్లోపే ఇవ్వాలి, ఆలస్యమయ్యే ప్రతి పావుగంటకూ దాని పనితనం తగ్గిపోతుంది. ఈ మందు దగ్గర్లో ఉండాలన్నది అందుకే.

మామూలుగా ఊరి పీహెచ్‌సీలో రక్తం ఉండదు, ఆపరేషన్ సదుపాయం ఉండదు. అక్కడి సిస్టర్లు ఎంత మంచివాళ్లయినా మీ కాన్పుకు అది చోటు కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, తిండి, రాకపోకలు ఉచితం. డబ్బు గురించి భయపడి చిన్న నర్సింగ్ హోమ్‌తో సరిపెట్టుకోనవసరం లేదు.

మీకు ఉబ్బసం ఉంటే, బీపీ ఉంటే ఏడో నెలలోనే గట్టిగా చెప్పండి. రక్తం ఆపడానికి వాడే మందుల్లో మిథెర్జిన్ బీపీ ఉన్నవాళ్లకు, కార్బోప్రోస్ట్ ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరావు.

రక్తం ఇచ్చేవాళ్లను ముందే మాట్లాడి పెట్టుకోండి

మీ గ్రూపు ఉన్న ముగ్గురు నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఫైల్‌లో పెట్టండి. రాత్రి ఫోన్ ఎత్తేవాళ్లే ఉండాలి. మూడు నెలల్లో రక్తం ఇచ్చినవాళ్లు పనికిరారు, అడిగి తెలుసుకోండి. మీ గ్రూపు కాకపోయినా ఫర్వాలేదు, చాలా బ్లడ్ బ్యాంకుల్లో బదులుగా ఏ గ్రూపు ఇచ్చినా తీసుకుంటారు. ఆసుపత్రిలో చేరగానే మీ రక్తం శాంపిల్ బ్లడ్ బ్యాంకుకు పంపమని, సరిపోయే రక్తం సిద్ధంగా ఉంచమని ముందే డాక్టరుతో రాయించుకోండి.

పుట్టింటికి వెళ్లాలా?

మన ఇళ్లలో ఇది సున్నితమైన విషయం. సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్లడం ఆనవాయితీ. కానీ చూపించుకున్నదంతా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో, కాన్పేమో అమ్మ వాళ్ల ఊళ్లో అయితే, అక్కడి డాక్టరుకు మీ గురించి ఏమీ తెలియదు. పైగా ఊరి నుంచి రక్తం దొరికే ఆసుపత్రికి ఎంత దూరమో చాలామంది లెక్క చూసుకోరు.

నేను చేసింది ఇది. పుట్టింటికి వెళ్లే బదులు అమ్మనే మా ఇంటికి రమ్మన్నాం. మొదట అమ్మ నొచ్చుకుంది. "కారణం ఇదమ్మా" అని పాత డిశ్చార్జ్ కాగితం చదివి వినిపిస్తే ఒప్పుకుంది, నెల ముందే వచ్చి కూర్చుంది. మీరు వెళ్లక తప్పదనుకుంటే ఎనిమిదో నెలలోనే వెళ్లి, అక్కడి పెద్ద ఆసుపత్రిలో పేరు రాయించుకుని, కనీసం రెండుసార్లు చూపించుకోండి. ఏజెన్సీ ఊళ్లలో ఉండేవాళ్లు, డోలీలో మోస్తే తప్ప రోడ్డు ఎక్కలేనివాళ్లు, నొప్పులు వచ్చేదాకా ఆగకూడదు. ఇలాంటివారి కోసం సాలూరు లాంటి చోట్ల గిరిజన గర్భిణులకు వసతి గృహాలు నడిపారు. మీ దగ్గర అలాంటిదేదైనా ఉందేమో ఏఎన్ఎంను అడిగి, తేదీకి రెండు మూడు వారాల ముందే చేరండి.

వాహనం సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. 108 ఉచితం, ఫోన్ చేసిన మనిషి ఇంటి గుర్తులు సరిగ్గా చెప్పాలి. అది ఆలస్యమైతే వచ్చే ఆటో ఎవరిదో, కారు ఎవరిదో ఇద్దరితో మాట్లాడి పెట్టండి. తెలంగాణలో 102 అమ్మ ఒడి వాహనాలు, ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ప్రధానంగా కాన్పయ్యాక ఇంటికి చేర్చడం లాంటి పనులకు ఉన్నవి. రాత్రి వచ్చే అత్యవసరానికి మాత్రం 108నే నమ్ముకోండి.

ఇంట్లో ఏం దొరుకుతుందనుకున్నారో అది రాసి ఆసుపత్రికి తీసుకెళ్లండి

ఇది చదివేటప్పుడు కాసేపు ఆగి, ఇంటి కాన్పు మీకు ఎందుకు కావాలనిపించిందో ఒక్కొక్కటిగా రాయండి. నా జాబితాలో ఇవి ఉన్నాయి: పక్కన నావాళ్లు ఉండాలి. అరవకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి ఉంచకూడదు. బిడ్డను వెంటనే నా గుండె మీద పెట్టాలి. ఏం జరుగుతున్నా నాకు చెప్పాలి.

వీటిలో ఆసుపత్రిలో కుదరనిది ఒక్కటీ లేదు. కాన్పు సమయంలో తోడు మనిషి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, లేబర్ రూముల నాణ్యత పెంచడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన 'లక్ష్య' కార్యక్రమం కూడా ప్రభుత్వ లేబర్ రూముల్లో తోడు మనిషికి చోటు ఇచ్చింది. చాలాచోట్ల ఆడవాళ్లనే అనుమతిస్తారు కాబట్టి అమ్మో, అక్కో, వదినో ఎవరు వస్తారో ముందే అనుకోండి. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇచ్చి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెడుతున్నారు, ఆ పని కరీంనగర్‌లో మొదలైంది. వాళ్లున్న చోట నొప్పుల సమయంలో నడవనిస్తారు, బంతి మీద కూర్చోనిస్తారు, నడుము మర్దన చేస్తారు. మీ ఊరి ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ ఉన్నారేమో అడగండి. అవసరమైన క్షణంలో డాక్టరు పక్క గదిలోంచే వస్తారు. ఇంటి కాన్పు మీది నుంచి నా మనసు పూర్తిగా మళ్లింది అలాంటి గది చూశాకే.

ఒక పేజీ రాసి ఎనిమిదో నెలలో డాక్టరుకు ఇవ్వండి. పై సగంలో పాత చరిత్ర, గ్రూపు, హిమోగ్లోబిన్, అలర్జీలు. కింది సగంలో మీ కోరికలు. "ఏదైనా తేడా వస్తే నాకు, మా ఆయనకు ఒక్క వాక్యంలో చెప్పండి" అని రాసుకున్నాను నేను. ఆ రాత్రి సిస్టర్ నిజంగానే చెప్పింది.

ఒక్క విషయంలో మాత్రం మీ కోరికను పక్కన పెట్టండి. మాయ దానంతట అది పడేదాకా మందు లేకుండా ఆగుతామనే పద్ధతి మనకు కాదు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ 10 యూనిట్ల ఇంజెక్షన్ ఇవ్వాలి. అది తీసుకున్నా బొడ్డుతాడు కోయడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగవచ్చు, బిడ్డ మీ గుండె మీదే ఉండవచ్చు. ముహూర్తం చూసి నొప్పులు తెప్పించుకోవడం కూడా వద్దు. అవసరం లేకుండా గంటలకొద్దీ నొప్పులు తెప్పించే మందు ఎక్కించిన గర్భసంచి అలసిపోయి, తర్వాత బిగుసుకోవడానికి మొరాయిస్తుంది. డాక్టరే కారణం చూపి చెబితే అది వేరు.

నొప్పులు మొదలయ్యాక

మొదటి కాన్పులోలా ఇంట్లో ఆగవద్దు. రెండో కాన్పు త్వరగా అవుతుంది. నొప్పులు క్రమంగా వస్తున్నాయంటే బయల్దేరండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా వెంటనే. చేరగానే తోడు వచ్చినవాళ్లు చెప్పాల్సిన మొదటి మాట: "ముందు కాన్పులో రక్తం ఎక్కువగా పోయింది, రక్తం ఎక్కించారు." చేతికి సెలైన్ సూది ముందే పెట్టమనండి. రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లండి, నిండిన మూత్రాశయం గర్భసంచిని బిగుసుకోనివ్వదు. కాన్పయ్యాక కూడా అంతే.

బిడ్డ పుట్టాక మొదటి రెండు గంటలు తోడు మనిషి బిడ్డను చూస్తూ మిమ్మల్ని మరిచిపోకూడదు. మా అమ్మకు నేను ముందే పని అప్పజెప్పాను. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గర్భసంచి గట్టిగా బంతిలా తగలాలి. మెత్తగా ఉంటే సిస్టర్‌ను పిలవాలి. కింద రక్తం మడుగు కడుతుంటే, నేను తల తిరుగుతోందన్నా, చల్లటి చెమటలు పట్టినా, మాటలు తడబడుతున్నా పిలవాలి. బీపీ బాగానే ఉందని ఊరుకోకూడదు, బీపీ చివర్లో పడుతుంది. ముందు నాడి వేగం పెరుగుతుంది.

దారిలోనే పుట్టేస్తే

అనుకోకుండా ఇలా జరిగితే కంగారులో తప్పులు చేయకండి. 108కు ఫోన్ చేసి స్పీకర్‌లో ఉంచండి. బిడ్డను తుడిచి తల్లి గుండె మీద పెట్టి ఇద్దరినీ కలిపి కప్పండి. తాడు కోయవద్దు, మాయను లాగవద్దు. లాగితే గర్భసంచి తిరగబడి రావచ్చు. బిడ్డ నోటికి రొమ్ము అందించండి. మాయ దానంతట అది పడ్డాక బొడ్డు కింద అరచేత్తో గుండ్రంగా గట్టిగా మర్దన చేయండి, పడ్డ మాయను సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి. తల్లిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఆసుపత్రి ప్రయాణం ఆపకూడదు, "కాన్పయిపోయింది కదా" అని వెనక్కి తిరగకూడదు. గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్రలు ఎవరో ఇచ్చారని సొంతంగా వేయకండి. కడుపులో బిడ్డ ఉండగా వేస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది.

ఇంటికి వచ్చాక ఆరు వారాలు

రక్తస్రావం మొదటి రోజుతో అయిపోయినట్టు కాదు, రోజులు గడిచాక కూడా రావచ్చు. గంటకో ప్యాడ్ నిండిపోతుంటే, నిమ్మకాయంత గడ్డలు పడుతుంటే, దుర్వాసన, జ్వరం ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. తగ్గిన రక్తం మళ్లీ ఎర్రగా ఎక్కువైనా అంతే.

బాలింత పథ్యం పేరుతో నీళ్లు తక్కువ ఇవ్వడం, కూరలు, పండ్లు, గుడ్లు మాన్పించడం రక్తం పోయిన ఒంటికి చాలా చేటు. కారప్పొడి అన్నంతో నెల గడిపితే రక్తం తిరిగి పట్టదు. పెద్దవాళ్లతో గొడవ పడలేమనుకుంటే డిశ్చార్జ్ అయ్యేటప్పుడు డాక్టరుతోనే వాళ్ల ముందు చెప్పించండి. మా ఇంట్లో అదే పని చేసింది. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి.

రక్తం చాలా పోయినవాళ్లలో కొందరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుంది. పాలు అసలు పడకపోవడం, తర్వాత నెలసరి రాకపోవడం, ఎప్పుడూ నీరసం, చలి దాని గుర్తులు. "బలహీనత" అని టానిక్కులు తాగుతూ ఏళ్లు గడిపేవాళ్లున్నారు. రక్త పరీక్షతో తెలుస్తుంది, మందులున్నాయి.

మనసు సంగతి కూడా. ఆ రాత్రి మళ్లీ మళ్లీ కలలోకి వస్తున్నా, ఆసుపత్రి వాసనకే గుండె దడ పట్టినా డాక్టరుకు చెప్పండి. మొదటి కాన్పు తర్వాత నేను రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఆరో వారంలో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ మళ్లీ చూపించుకోండి, తర్వాతి గర్భానికి కనీసం రెండేళ్ల ఎడం ఉండేలా ఏ పద్ధతి మీకు సరిపడుతుందో అడగండి. ఈసారి ఎంత రక్తం పోయింది, ఏ మందులు ఇచ్చారు అన్నది డిశ్చార్జ్ సమ్మరీలో రాశారో లేదో అక్కడే చదివి చూసుకుని, లేకపోతే రాయించుకునే బయటికి రండి.